ఘాట్ ఎక్కితే వచ్చే సౌండ్: ఒక 650 సిసి బండి కేసు

ఈ బండి నా షెడ్డులో మొత్తం మూడు వారాలు ఉంది. చివరికి దాన్ని బాగు చేసిన పనికి పట్టింది ఒక్క పూట, సామాను ఖర్చు రెండు వందలు దాటలేదు. మరి మిగతా రోజులన్నీ ఏమైపోయాయంటే చాలావరకు నా తప్పే. ఇరవై ఏళ్లుగా కడపలో బండ్లు రిపేరు చేస్తున్నాను, ఈ మధ్య కొన్నేళ్లుగా పెద్ద సిసి బండ్లు కూడా వస్తున్నాయి, ఇంజన్ సౌండ్ వింటే చాలు జబ్బు చెప్పేస్తానని ఒక ధీమా ఉండేది. ఆ ధీమా ఎక్కడ దెబ్బతిందో రాసిపెడితే నాలాంటి మెకానిక్కులకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. బండి ఏ కంపెనీదో, ఓనర్ ఎవరో, నా కంటే ముందు చూసిన షెడ్డు ఏదో చెప్పను. జబ్బు అర్థం కావడానికి వాటితో పని లేదు.

బండి సంగతి

స్పోర్ట్స్ బైక్, 650 సిసి, రెండు సిలిండర్లు పక్కపక్కనే ఉండే లిక్విడ్ కూల్డ్ ఇంజన్, ఫ్యూయల్ ఇంజెక్షన్. మీటర్‌లో 31 వేల కిలోమీటర్లు. ఓనర్ ముప్పై లోపు కుర్రాడు, సెకండ్ హ్యాండ్‌లో కొని ఏడాది దాటింది, సెలవుల్లో మాత్రమే తిప్పుతాడు. వేరే ఊళ్లో ఒక షెడ్డులో చూపిస్తే ‘బిగ్ ఎండ్ పోయింది, ఇంజన్ దింపాల్సిందే, లక్ష దాకా అవుతుంది’ అన్నారట. బిగ్ ఎండ్ అంటే, పిస్టన్‌ని క్రాంక్‌తో (ఇంజన్‌లో తిరిగే పెద్ద ఇరుసు) కలిపే కనెక్టింగ్ రాడ్ కింది కొనలో ఉండే బేరింగ్. పిల్లోడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని వాళ్ల అన్న నాకు ఫోన్ చేశాడు.

మొదటి రోజు కుర్రాడు చెప్పిన మాట ఇది: ‘అన్నా, గువ్వలచెరువు ఘాట్ ఎక్కితే ఇంజన్‌లో గరగరమని సౌండ్ వస్తాంది.’

ఈ వాక్యాన్ని గుర్తు పెట్టుకోండి. నేను దాన్ని తప్పుగా విన్నాను.

నా చెవికి వినపడింది ‘ఘాట్ ఎక్కేటప్పుడు’ అని. కడప నుంచి రాయచోటి పోయే దారిలో ఆ ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ మీద బాగా లోడ్ పడుతుంది, ఎండాకాలంలో అయితే గాలే నిప్పులా ఉంటుంది. లోడ్ మీద ఇంజన్ సౌండ్ చేస్తోందంటే ఏ మెకానిక్కుకైనా ముందు రెండే తడతాయి: కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోవడం, లేదంటే సిలిండర్‌లో పెట్రోల్ తనంతట తానే అంటుకుని కొట్టే నాకింగ్. అవతలి షెడ్డు వాళ్లు బిగ్ ఎండ్ అన్నారు కూడా. ఆ మాట నేను నమ్మలేదనుకున్నాను గానీ మనసులో ఒక మూల అది కూర్చునే ఉంది.

మొదట ఏం చేశానంటే

బిగ్ ఎండ్ అనే అనుమానం ఒకటి వచ్చాక, అది అవునో కాదో తేల్చకుండా బండి తిప్పకూడదు. నిజంగానే రాడ్ బేరింగ్ పోతూ ఉంటే ఇంకో యాభై కిలోమీటర్లకే క్రాంక్ గీతలు పడొచ్చు, రాడ్ విరిగితే కేసింగ్ పగిలిపోతుంది. అందుకే వినడం పక్కన పెట్టి ముందు ఆయిల్ దించాను. ఇలాంటి ఇంజన్‌లో బిగ్ ఎండ్‌కి ఉండేది మన 100 సిసి బండ్లలో ఉండే రోలర్ బేరింగ్ కాదు, పల్చటి షెల్స్. అవి అరిగితే ఆయిల్‌లో వెండిలాగానో రాగిలాగానో తళుకు కనిపిస్తుంది, ఆ తళుకు అయస్కాంతానికి అంటుకోదు. ఆయిల్ ఫిల్టర్ కోసి, లోపలి కాగితం విప్పి, ఎండలో తెల్ల గుడ్డ మీద పరిచి చూశాం. క్లచ్ ప్లేట్ల నల్లటి పొడి కొంచెం, డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి సన్నటి ఇనుప బూడిద కొంచెం, అంతే. 31 వేలు తిరిగిన బండికి అది మామూలే. ఇది ఒక్కటే చూసి బేరింగ్ బాగుందని ప్రమాణం చేయలేం గానీ, ఇంజన్ దింపే తొందర అయితే లేదని తెలిసిపోయింది.

ఇంకో సంగతి కూడా అక్కడే బయటపడింది. దించిన ఆయిల్ బాగా చిక్కగా ఉంది. అడిగితే, అవతలి షెడ్డులో సౌండ్ తగ్గడానికని 20డబ్ల్యూ-50 పోశారట. కంపెనీ చెప్పింది 10డబ్ల్యూ-40. చిక్కటి ఆయిల్ పోస్తే సౌండ్ తగ్గిన మాట నిజమే, కొన్నాళ్లు తగ్గుతుంది, కానీ అది నొప్పికి మాత్ర వేసినట్టే, నొప్పి ఎక్కడుందో చెప్పదు. పైగా నాలాంటివాడు వినాల్సిన సౌండ్‌నే అది కప్పేస్తుంది. అందుకే 10డబ్ల్యూ-40 పోసి, సౌండ్ పెరిగినా పర్వాలేదు, అసలు రూపం కనపడనీ అనుకున్నాను.

ఇక్కడిదాకా బాగానే నడిచింది. ఆ తర్వాతే తప్పు చేశాను.

పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. కుడివైపు మొదటి రెండు మూడు సెకన్లు చైన్ కొట్టుకున్నట్టు చిన్న గలగల, తర్వాత సర్దుకుంది. కుడివైపే వాల్వులని నడిపే టైమింగ్ చైన్ ఉంది. దాన్ని బిగుతుగా పట్టే టెన్షనర్ స్ప్రింగ్ అలిసిపోతే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు ఇలాగే వస్తుంది. ‘ఇంకేముంది, టెన్షనర్’ అన్నాను. పార్టు బయటి నుంచి రావాలి, తొమ్మిది రోజులు పట్టింది. మార్చాను. పొద్దున వచ్చే గలగల పోయింది. కుర్రాడు విని ‘తగ్గింది న్నా’ అని సంతోషంగా తీసుకుపోయాడు.

నాలుగో రోజు తిరిగొచ్చాడు. ‘ఘాట్ ఎక్కితే మళ్లీ అదే సౌండ్ న్నా.’

ఏం జరిగిందో ఆలోచిస్తే, బండిలో సౌండ్లు రెండు ఉన్నాయి. నేను సరిచేసింది అతను ఫిర్యాదు చేయని సౌండ్‌ని. అతను చెప్పిన సౌండ్ నా షెడ్డులో ఒక్కసారి కూడా రాలేదు, రాకముందే మందు వేశాను. జబ్బు చూడకుండా మందిచ్చే ఆర్‌ఎంపీ డాక్టర్లను ఎన్నిసార్లు తిట్టుకున్నానో నాకే తెలుసు, అదే పని నేనూ చేశాను. టెన్షనర్ అరిగిందే, మార్చడంలో తప్పు లేదు గానీ, దాన్ని ఈ సౌండ్‌కి జవాబుగా చూపించడం తప్పు. దాని కూలి డబ్బులు తర్వాత తీసుకోలేదు.

ఆ కోపంలోనే టప్పెట్లు, అంటే వాల్వుల సందు, కూడా చూశాను. రాత్రంతా ఇంజన్ చల్లారనిచ్చి ఫీలర్ గేజ్ పెడితే ఎనిమిది వాల్వుల్లో ఏడు లెక్కలోనే ఉన్నాయి, ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ మాత్రం కొంచెం టైట్. టైట్‌గా ఉన్న వాల్వ్ సౌండ్ చేయదు, లూజుగా ఉన్నదే టిక్ టిక్ అంటుంది. టైట్‌ది మాట్లాడకుండా ఉండి ఉండి ఒకరోజు వాల్వూ, అది కూర్చునే సీటూ కాలిపోతాయి. సౌండ్‌కి దీనికీ సంబంధం లేదు, తర్వాతి సర్వీసులో షిమ్ (ఆ సందు సరిచేసే చిన్న బిళ్ల) మార్చాలని కాగితం మీద రాసి వదిలేశాను. చేతిలో కవర్ విప్పి ఉంది కదా అని అప్పుడే మార్చి ఉంటే, సౌండ్ ఎందుకు మారిందో మారలేదో ఇంకో అయోమయం అయ్యేది.

కోవా అంగడి ముందు

ఇక లాభం లేదని కుర్రాడిని వెనక కూర్చోబెట్టుకుని నేనే బండి తీశాను. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. ఘాట్ మొత్తం ఎక్కాం. మూడో గేరులో కావాలని తక్కువ ఆర్‌పీఎంలో లాగించాను, రేస్ ఇచ్చాను, వదిలాను, ఇంజన్ నున్నగా పాడుతోంది. నాకింగ్ లేదు, రాడ్ సౌండ్ అసలే లేదు. వెనక్కి తిరిగి ‘ఏదిరా సౌండు?’ అని అరిస్తే ‘ఆగండి న్నా, ఎక్కనీండి’ అన్నాడు.

ఘాట్ దాటి గువ్వలచెరువులో కోవా అంగళ్ల దగ్గర ఆపాం. న్యూట్రల్‌లో వేసి క్లచ్ వదలగానే మొదలైంది. గరగర, డబ్బాలో బోల్టులు పోసి ఊపినట్టు. ‘ఇదే న్నా!’ అన్నాడు పిల్లోడు, ఏదో గెలిచినట్టు.

‘ఎక్కితే’ అంటే అతని లెక్కలో ‘ఎక్కి ఆగితే’. అంటే లోడ్‌లో కాదు, లోడ్ పూర్తిగా తీసేశాక, ఇంజన్ వేడి మీద, ఐడిలింగ్‌లో (రేస్ ఇవ్వకుండా ఊరికే తిరుగుతున్నప్పుడు). నేను ఊహించుకున్నదానికి సరిగ్గా ఎదురు దిక్కు. మొదటి రోజే ‘ఎక్కేటప్పుడా, ఎక్కినాకా’ అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే తొమ్మిది రోజులు మిగిలేవి.

అక్కడే క్లచ్ లివర్ పట్టాను. సౌండ్ టక్కున సగానికి పైగా తగ్గిపోయింది. వదిలితే మళ్లీ గరగర. ఐదారుసార్లు చేశాను, అంగడాయన వింతగా చూస్తున్నాడు. ఈ చిన్న పరీక్ష ఎంత విలువైనదంటే, రాడ్‌కి మనం క్లచ్ పట్టామో లేదో తెలీదు. క్లచ్ పట్టినా వదిలినా పిస్టన్ అలాగే కొట్టుకుంటుంది, కాబట్టి బిగ్ ఎండ్ సౌండ్ లివర్‌తో ఇంతగా మారకూడదు. న్యూట్రల్‌లో క్లచ్ వదిలి ఉన్నప్పుడు క్రాంక్‌తో పాటు క్లచ్ హౌసింగ్ (ప్లేట్లు కూర్చునే బుట్ట), హబ్, గేర్‌బాక్స్ షాఫ్టు, దాని మీద ఉన్న గేర్లు అన్నీ లోడ్ లేకుండా తిరుగుతూ ఉంటాయి. ఎక్కడ కాస్త సందు ఉంటే అక్కడ పళ్లు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటాయి. క్లచ్ పట్టగానే హౌసింగ్ తప్ప మిగతా బరువు అంతా విడిపోతుంది. సౌండ్ వస్తున్న చోటు అయితే దొరికింది. ఈ బండిలో క్లచ్ కూడా కుడివైపే ఉంది, చైన్ పక్కనే. నా స్క్రూడ్రైవర్ నన్ను అందుకే మోసం చేసింది.

బండి దిగేటప్పుడు మీటర్ వైపు ఇంకోసారి చూశాను. ఈ బండికి ఐడిలింగ్ 1300 ఆర్‌పీఎం దగ్గర ఉండాలి. 1050 కీ 1100 కీ మధ్య ఊగుతోంది.

హౌసింగ్ మార్చాలా

కుర్రాడు ఆ రాత్రికే నెట్‌లో చూసి కొత్త క్లచ్ హౌసింగ్ ధర పంపించాడు. ‘మార్చేద్దాం న్నా, పీడా పోతాది.’ మార్చడం నాకూ తేలికే, కూలి కూడా వస్తుంది. కవర్ విప్పాను, హౌసింగ్ బయటికి తీసి చూశాను. ప్లేట్లు ఆనే వేళ్ల మీద గాట్లు లేవు, గోరుతో గీస్తే తగలడం లేదు. హౌసింగ్‌ని, దాని వెనకున్న గేరుని చెరో చేత్తో పట్టి తిప్పితే మధ్యలో డ్యాంపర్ స్ప్రింగులు కొంచెం ఆడుతున్నాయి, కానీ చేతికి వదులుగా ఊగడం లేదు. ఈ వయసు బండిలో ఇంత ఆట ఉండేదే. అలాంటి ఆటే ఉన్న బండ్లు వేడి మీద కూడా ఇంత గోల చేయకుండా తిరుగుతున్నాయి కదా, మరి ఇదెందుకు చేస్తోంది?

అక్కడ నాకు తట్టింది ఏంటంటే, క్లచ్ ఇక్కడ డప్పు మాత్రమే, కొట్టేవాడు వేరే ఉన్నాడు. ఈ రకం ఇంజన్‌లో రెండు పిస్టన్లు ఒకదానికొకటి 180 డిగ్రీల తేడాలో ఉంటాయి. ఒక సిలిండర్ పేలాక 180 డిగ్రీలకే రెండోది పేలుతుంది, ఆ తర్వాత 540 డిగ్రీల దాకా ఏమీ ఉండదు. అంటే మంచి ఆరోగ్యంతో ఉన్నప్పుడే దీని నడక కుంటి నడక. ఐడిలింగ్ పడిపోతే ఆ ఖాళీ సమయం ఇంకా పెరుగుతుంది, క్రాంక్ ప్రతిసారీ నెమ్మదించి మళ్లీ ఉరుకుతుంది. దానికి తోడు ఒక సిలిండర్ నీరసంగా ఉంటే చెప్పక్కర్లేదు, గేరు పళ్లు ఎగిరెగిరి కొట్టుకుంటాయి. కొత్త హౌసింగ్ వేస్తే ఆట తక్కువ కాబట్టి కొన్ని నెలలు సౌండ్ తగ్గేది. తర్వాత ఆ కొత్తదీ అరిగేది. అందుకే మార్చనని చెప్పాను. పిల్లోడి మొహంలో నమ్మకం కనపడలేదు, టెన్షనర్ తర్వాత నాకు ఆ మాత్రం శాస్తి జరగాల్సిందే.

ఒక్కో సిలిండర్‌ని ఆపి చూడటం తర్వాతి పని. ఇంజెక్షన్ బండి కాబట్టి ప్లగ్ వైరు ఒక్కటే పీకితే కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోని కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని పాడుచేస్తుంది, అందుకని ఆ సిలిండర్ ఇంజెక్టర్ కనెక్టర్ కూడా తీసేశాను. కుడి సిలిండర్ ఆపితే ఇంజన్ దాదాపు ఆగిపోయింది. ఎడమది ఆపితే మాత్రం కొంచెం కిందికి దిగింది, అంతే. ఎడమది ఉన్నా లేనట్టే. ప్లగ్గులు అటుదిటు మార్చినా అదే తీరు. కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) చూస్తే రెండింటి మధ్య తేడా 5 పీఎస్‌ఐ కూడా లేదు. లోపల పిస్టన్, రింగులు, వాల్వులు బాగున్నాయి, నిప్పు బాగుంది, మరి మిగిలింది గాలి.

లెవెల్ పైపు

రెండు థ్రాటిల్ బాడీలు (ఒక్కో సిలిండర్‌కి గాలి పోయే దారులు) సమానంగా గాలి తీసుకుంటున్నాయా లేదా చూడటానికి వాక్యూమ్ గేజ్‌ల సెట్ కావాలి. నా దగ్గర ఉన్నదాంట్లో ఒక గేజ్ పనిచేయడం లేదు. పక్క సందులో ఇల్లు కడుతున్న మేస్త్రీ దగ్గర లెవెల్ పైపు ఉంది, గోడలు మట్టం చూసుకునే సన్నటి పారదర్శకమైన పైపు. అదీ ఇదీ ఒకటే సూత్రం కదా అని ఒక ఐదు మీటర్లు అడిగి తెచ్చాను. పైపుని చెక్క పలకకి యు ఆకారంలో బిగించి, లోపల కొంచెం ద్రవం పోసి, రెండు కొనలూ రెండు థ్రాటిల్ బాడీల వాక్యూమ్ పోర్టులకి తగిలిస్తే, ఏ వైపు లాగుడు ఎక్కువుంటే ద్రవం ఆ వైపు పైకెక్కుతుంది. గేజ్ మీద పాదరసం లెక్కలో 1 సెంటీమీటర్ తేడా అంటే నీళ్లలో 13.6 సెంటీమీటర్లు, కాబట్టి ఖరీదైన గేజ్‌లో కనపడీ కనపడని తేడా కూడా ఇందులో జానెడు కనపడుతుంది.

మొదట నీళ్లే పోశాను, తెలివితక్కువగా. స్టార్ట్ చేసిన రెండో సెకనుకే నీళ్లన్నీ కుడివైపుకి ఎగబాకి థ్రాటిల్ బాడీలోకి పోయాయి, ఇంజన్ దగ్గి ఆగిపోయింది. కొంచెమే కాబట్టి ప్రమాదం జరగలేదు. రెండోసారి నీళ్లకి బదులు 2టి ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్ల పెట్రోల్‌లో కలిపేది) పోశాను, ఒకవేళ లాక్కున్నా కాలిపోతుందని. పైపు కొనల్లో పాత కార్బురేటర్ జెట్లు దూర్చాను, ఆ సన్న రంధ్రం వల్ల ద్రవం ఎగిరెగిరి పడకుండా నిదానంగా కదులుతుంది. అయినా ఒకసారి లాక్కుంది. షెడ్డంతా తెల్లటి పొగ, ఎదురింటి అమ్మ దోమల మందు కొడుతున్నారేమో అని తలుపులేసుకుంది. మీరు చేస్తే ఒక కొన ఊడిపోకుండా క్లిప్పులు వేసుకోండి, ఒక వైపు ఊడితే పైపులో ఉన్నదంతా ఇంజన్ ఒక్క గుక్కలో తాగేస్తుంది.

అసలు దొంగ పైపు తగిలించేటప్పుడే కనపడ్డాడు. ఎడమ థ్రాటిల్ బాడీ వాక్యూమ్ పోర్టుకి ఉండే చిన్న రబ్బరు టోపీ చేత్తో వంచితే నోరు తెరిచింది. ఎండకీ ఇంజన్ వేడికీ గట్టిపడి పగిలింది, దొంగగాలి అక్కడి నుంచి పోతోంది. పక్కనే రెండు బాడీలని సమానం చేసే సింక్ స్క్రూ మీద కంపెనీ వేసిన పెయింట్ గుర్తు పగిలి ఉంది, ఎవరో తిప్పారు. కుర్రాడిని మళ్లీ అడిగాను. అప్పుడు గుర్తొచ్చింది అతనికి: చలికాలంలో ఒక చోట థ్రాటిల్ బాడీ క్లీనింగ్ చేయించాడు, ఆ తర్వాత ఐడిలింగ్ ఎక్కువగా ఉంటే వాళ్లే తగ్గించి ఇచ్చారు. మొదటి రోజు ‘ఏమన్నా రిపేరు చేయించావా’ అంటే లేదన్నాడు. నిజమే, అతని దృష్టిలో క్లీనింగ్ రిపేరు కాదు.

ఇక నాకు అర్థమైన వరుస ఇది. టోపీ పగిలి గాలి దూరింది, ఐడిలింగ్ పెరిగింది. కారణం వెతక్కుండా స్క్రూ తిప్పి ఐడిలింగ్ తగ్గించారు. మీటర్ మీద అంకె సరిపోయింది గానీ ఎడమ సిలిండర్ నీరసంగానే ఉండిపోయింది. ఇంజన్ బాగా వేడెక్కాక ఆ అంకె కూడా నిలబడలేదు.

పైపు తగిలించి ఉన్నంతసేపూ ఆ పోర్టు మూసుకునే ఉంటుంది కాబట్టి, పైపులో కనపడిన అరవై సెంటీమీటర్ల తేడా స్క్రూ తిప్పినందువల్లే. ట్యాంకు పైకి లేపి ఆనించి, ముందు పెద్ద ఫ్యాను పెట్టి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక సింక్ స్క్రూ పావు చుట్టు కంటే తక్కువ తక్కువగా తిప్పుతూ, ప్రతిసారీ కొంచెం రేస్ ఇచ్చి వదిలి, ద్రవం నిలిచేదాకా ఆగి చూశాను. చివరికి నాలుగు సెంటీమీటర్ల లోపుకి తెచ్చి, పైపు తీసి కొత్త టోపీ వేశాను. ఐడిలింగ్ 1300. షెడ్డులో గరగర లేదు, కానీ టెన్షనర్ రోజు కూడా షెడ్డులో లేదు కదా. అందుకే అదే వారం, అదే ఎండలో, అదే ఘాట్ ఎక్కి అదే అంగడి ముందు ఆపాం. క్లచ్ వదిలితే సన్నటి గరగర ఒకటి మిగిలే ఉంది, చెవి పెడితే వినపడేంత. అది పోదని, అది ఈ ఇంజన్ గొంతు అని, హౌసింగ్ అరిగేకొద్దీ ఏడెనిమిదేళ్లకి పెరగొచ్చని అతనికి అక్కడే చెప్పాను. మొత్తం పోయిందని అబద్ధం చెబితే తర్వాతి నెల ఇంకో షెడ్డులో బిగ్ ఎండ్ అంటారు.

తర్వాత షెడ్డులో మార్చుకున్నవి కొన్ని ఉన్నాయి. సౌండ్ అని వచ్చిన బండికి, ఆ సౌండ్ నా చెవితో వినేదాకా స్పానర్ పట్టను, అది రాయచోటి దాకా పోవాల్సి వచ్చినా సరే. కస్టమర్ మాటని అతని మాటల్లోనే కాగితం మీద రాసుకుని, ఎప్పుడు, వేడిగానా చల్లగానా, ఆగి ఉన్నప్పుడా పోతున్నప్పుడా, క్లచ్ పడితే ఏమవుతోంది అని అడుగుతాను. ‘రిపేరు చేయించావా’ అని అడగను, ‘సౌండ్ రాకముందు ఈ బండిని ఎవరెవరు ముట్టుకున్నారు’ అంటాను, అప్పుడు వాషింగ్ పిల్లోడితో సహా అందరూ బయటికొస్తారు. ఒక్కసారికి ఒక్కటే మారుస్తాను. ఆఖరిది మాత్రం ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు, కస్టమర్ తొందర పెడితే చేతులు ఊరుకోవు.

దసరాకి కుర్రాడు సర్వీసుకి వచ్చాడు, టైట్‌గా ఉన్న ఆ ఎగ్జాస్ట్ వాల్వ్‌కి షిమ్ మార్చాం. కోవా తెచ్చాడు. అదే వారం మేస్త్రీ కూడా వచ్చాడు తన పైపు కోసం. ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి వాసన చూసి, ‘వద్దులే సామీ, నువ్వే పెట్టుకో’ అని పోయాడు.